పచ్చలో తోట... పలకల్లో వెలుగు!

నగల దుకాణంలో కౌంటర్ మీద రెండు పచ్చలు పెట్టారనుకుందాం. ఒకటి లేతాకుపచ్చ. లోపల మచ్చ లేదు, గీత లేదు. రెండోది చిక్కటి రంగు. కాస్త పరికించి చూస్తే లోపల నాచు పోగుల్లాంటివి, వెంట్రుకవాసి చీలికల్లాంటివి ఏవో కనిపిస్తున్నాయి. పెళ్లి నగలకని వచ్చినవారిలో చాలామంది చేయి మొదటిదాని మీదకే పోతుంది. వజ్రాలు చూసి చూసి అలవాటైన కళ్లు కదా! వ్యాపారి మాత్రం రెండోదానికే ఎక్కువ ధర చెబుతాడు. 'పగుళ్లున్న రాయికి అంత రేటా?' అని ఇంట్లో పెద్దావిడ ముక్కున వేలేసుకుంటుంది. అందులో మోసమేమీ లేకపోవచ్చు. ఎందుకంటే పచ్చ లెక్క వేరు.

మామూలు వజ్రానికి రంగు లేకపోవడమే విలువ. పచ్చకి రంగే ప్రాణం. ఆ రంగు కూడా దాని సొంతం కాదు. పచ్చ అంటే బెరిల్ అనే ఖనిజం. శుద్ధంగా ఉంటే నీళ్లలా తెల్లగా ఉంటుంది. స్ఫటికం పెరిగేటప్పుడు అందులోకి పిసరంత క్రోమియమో వనేడియమో చేరితేనే అది మరకతం అవుతుంది. చిక్కేమిటంటే బెరిల్‌కి కావాల్సిన బెరిలియమూ, రంగునిచ్చే క్రోమియమూ భూమిలో సాధారణంగా ఒకచోట ఉండవు. వాటికి జత కుదరాలంటే రాతిపొరలు కదలాలి, పగుళ్లలోంచి వేడి ద్రవాలు పారాలి. అంత కల్లోలం మధ్య పెరిగిన స్ఫటికం మచ్చలేకుండా ఎలా ఉంటుంది? రంగునిచ్చిన అలజడే మచ్చల్నీ ఇచ్చింది.

మచ్చలు ఎక్కడున్నాయి?

ఈ మచ్చల్ని రత్నాల వ్యాపారులు ముచ్చటగా 'జార్డిన్' అంటారు. ఫ్రెంచి భాషలో తోట అని అర్థం. కొలంబియా పచ్చల్ని సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ తోటలో ఓ చిన్న ద్రవపు బిందువు, అందులో గాలిబుడగ, పక్కనే ఉప్పు స్ఫటికం కనిపించడం మామూలే. కోట్ల ఏళ్ల కిందటి ఉప్పునీళ్లు రాయిలో ఇరుక్కుపోయాయన్నమాట! రాయి ఏ దేశానిదో చెప్పడానికి నిపుణులకు ఇలాంటివి పనికొస్తాయి. అందుకే మచ్చే లేని పెద్ద పచ్చ తక్కువ ధరకి వస్తోందంటే సంతోషించే ముందు అనుమానించాలి. అది గాజైనా కావచ్చు, ప్రయోగశాలలో పెంచినదైనా కావచ్చు. ప్రయోగశాల పచ్చ రసాయనికంగా అసలు పచ్చే. అదేమిటో చెప్పి అమ్మితే తప్పులేదు. చెప్పకపోతేనే తంటా.

అలాగని ఏ పగులైనా ఫర్వాలేదని కాదు. ఓ పక్కన ఒదిగి ఉన్న సన్నటి పోగు రాయి అందాన్ని చెడగొట్టదు. అదే సరిగ్గా పై పలక కింద, నడిమధ్యన ఉంటే లోపలికెళ్లిన వెలుగు అక్కడ తగిలి చెదిరిపోతుంది. ధూళి కణాల్లాంటి మచ్చలు గుంపుగా ఉంటే రాయి పాలు కలిపినట్టు మసకబారుతుంది. ఉపరితలం దాకా వచ్చిన పగులైతే అందం సంగతి అటుంచి, రాయి మన్నికకే ముప్పు. వజ్రాన్ని పదిరెట్లు పెద్దదిగా చూపే అద్దంతో వెతికి మరీ తప్పులు లెక్కపెడతారు. పచ్చ మామూలు కంటికి శుభ్రంగా కనిపిస్తే గొప్పే.

అంతా సానలోనే...

జైపూర్‌లో తరాలుగా పచ్చలు సానపట్టే కుటుంబాలున్నాయి. జాంబియాలోనో బ్రెజిల్‌లోనో తవ్విన ముడిరాయి అక్కడి సానకి చేరాక తొందరపడి చక్రం మీద పెట్టరు. ముందు అటూ ఇటూ తిప్పి చూస్తారు. పచ్చ స్ఫటికం ఆరు పలకల స్తంభంలా ఉంటుంది. పక్కనుంచి చూస్తే నీలం కలిసిన ఆకుపచ్చ, కొసనుంచి చూస్తే పసుపు కలిసిన ఆకుపచ్చ కనిపిస్తాయి. పై పలక ఎటువైపు రావాలన్నది అప్పుడే తేల్చుకోవాలి. కొన్ని రాళ్లలో చిక్కటి రంగు పైపొరల్లోనే ఉంటుంది. తొందరపడి చెక్కేస్తే అసలు సొమ్ము పొడిలో కలిసిపోయినట్టే.

తర్వాత కోణాల లెక్క. రాయి అడుగున చెక్కిన పలకలు లోపలికొచ్చిన వెలుగుని అద్దంలా తిప్పి పైకి పంపాలి. వజ్రంలో వెలుగు 24 డిగ్రీలకు మించి వాలుగా తగిలితే చాలు, వెనక్కి తిరుగుతుంది. పచ్చలో 39 డిగ్రీలు దాటాలి. కాబట్టి అడుగు పల్చగా కోస్తే వెలుగు కిందనుంచి జారిపోతుంది. రాయి మధ్యలో కిటికీ తెరిచినట్టు వెలవెలబోతుంది. అలాంటి రాయిని వార్తాపత్రిక మీద పెడితే కింద అక్షరాలు కనిపిస్తాయి. (ఆదివారం సంచికకి ఇదో ఉపయోగం!) అడుగు మరీ లోతైతే నడుమ చీకటి కమ్ముకుంటుంది. పైగా ఆ పొట్టంతా ఉంగరం లోపల దాగిపోతుంది, బరువుకి మాత్రం డబ్బు కట్టాలి. అయితే ఒకే కొలత అన్నింటికీ నప్పదు. లేతరంగు రాయిని కాస్త లోతుగా కోస్తే రంగు చిక్కబడుతుంది. మరీ ముదురు రాయిని పల్చగా కోస్తేనే వెలుగు ఆడుతుంది.

మూలలు కత్తిరించిన దీర్ఘచతురస్రం, చుట్టూ మెట్లు మెట్లుగా పలకలు... దీనికి ఎమరాల్డ్ కట్ అనే పేరే ఉంది. పొడవాటి స్ఫటికం నుంచి ఎక్కువ వృథా కాకుండా వస్తుంది. లోపల చీలికలున్న రాయికి పదునైన మూల ఉంటే చిన్న దెబ్బకే చిట్లుతుంది కాబట్టి మూలలు తీసేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, వెడల్పాటి పలకల్లో రంగు నిలిచి కనిపిస్తుంది. వజ్రంలా ఏడురంగులు చిమ్మమంటే పచ్చ చిమ్మలేదు. వెలుగుని రంగులుగా విడగొట్టే గుణం దానికి వజ్రంలో మూడోవంతే. అందుకే మిలమిల కన్నా నిండుదనమే చూడాలి.

అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో చాక్ ఎమరాల్డ్ ఉంది. ఒకప్పుడది బరోడా మహారాణి హారంలోది. 38.40 క్యారెట్ల ఆ రాయిని తిరిగి సానపట్టి 37.82కి తెచ్చారు. అంత అరుదైన రాయిలోనూ అరక్యారెట్‌కి పైగా వదులుకున్నారంటే సానపనికి ఎంత విలువిచ్చారో చూడండి.

మొగలుల కాలంలో పద్ధతి వేరు. స్పెయిన్ నౌకలు మోసుకొచ్చిన కొలంబియా పచ్చలు మనదేశానికి చేరితే, వాటి బరువు పోగొట్టడం ఇష్టంలేక నున్నగా అరగదీసేవారు, లేదా పువ్వులు చెక్కేవారు. అలా చెక్కిన 217.80 క్యారెట్ల 'మొగల్ పచ్చ' మీద హిజ్రీ 1107 అని ఉంది. అంటే 1695-96. 2001లో లండన్ వేలంలో అది 15 లక్షల పౌండ్లు దాటింది. 1995లో కేంద్రం కొన్న 173 నిజాం నగల్లోనూ ఏ నగలోనూ పొదగని పచ్చలు 22 ఉన్నాయి.

మన ఇళ్లలోని పాత పచ్చల నగల గుట్టు కూడా తెలుసుకోవాల్సిందే. చాలావాటికి రాయి వెనకభాగం మూసేసి ఉంటుంది, అడుగున మెరిసే రేకు ఉంటుంది. సాన లోపాన్ని ఆ రేకు కప్పిపుచ్చుతుంది. అమ్మమ్మ పతకాన్ని చెరిపించి వెనక తెరిచి ఉండే కొత్త నగలో ఆ రాయినే పొదిగిస్తే ఒక్కసారిగా కళ తప్పుతుంది. రాయి మార్చేశాడని కంసాలితో తగాదాకి దిగేముందు ఈ సంగతి గుర్తుండాలి. అసలు చెరిపించే ముందే అడిగితే ఇంకా మేలు.

నూనె ఎండితే?

పగుళ్లలో దేవదారు జాతి చెట్ల నూనె నింపడం పచ్చల వ్యాపారంలో పాత అలవాటు. గాలి ఉన్న పగులు వెలుగుని విరిచి తెల్లగా కనిపిస్తుంది. నూనె నిండితే అది కంటికి ఆనదు. ఇప్పుడు రెజిన్ కూడా వాడుతున్నారు. కొనేవారికి చెబితే ఇది తప్పుకాదు. ఆకుపచ్చ రంగు కలిపిన నూనె పట్టిస్తే మాత్రం పచ్చి మోసం. పేరున్న ల్యాబ్ ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ పూత అసలు లేదనో, స్వల్పమనో, మధ్యస్థమనో, ఎక్కువనో రాసి ఉంటుంది. క్యారెట్ల అంకె కన్నా ముందు ఆ లైను చదవాలి.

అల్ట్రాసోనిక్ యంత్రంలో, ఆవిరితో, మరిగే నీళ్లతో కడిగితే నూనె పోయి నిన్నటిదాకా కనిపించని గీతలు బయటపడతాయి. ఉంగరం సైజు మార్చేటప్పుడు మంట తగలకుండా రాయిని ముందే తీయించాలి. ఇంట్లోనైతే తడిపిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ఏళ్లు గడిచి నూనె దానంతటదే ఎండిపోయినా కంగారు అక్కర్లేదు. తెలిసినవారికిస్తే మళ్లీ పట్టిస్తారు. రంగు చాలావరకు తిరిగొస్తుంది.