పిల్లాడి దవా మీద ఫైసలా ఎవరిది?

పిల్లాడికి బుఖార్ వస్తే సిరప్ పోయడానికి మనం ఎవరి ఇజాజతూ అడగం. బోర్డు మీద అక్షరాలు కనిపించట్లేదంటే ఐనక్ పెట్టిస్తాం, ఖాందాన్‌లో ఎవరూ నోరెత్తరు. అదే డాక్టర్ "మీవాడికి ఏడీహెచ్‌డీ ఉంది, గోలీ మొదలుపెడదామా?" అని అడిగితే ఇంట్లో పెద్ద పంచాయితీ. దాదీమా "నజర్ లగ్‌గయీ" అంటుంది. చాచా "మేమూ చిన్నప్పుడు ఇంతే షరారత్ చేశాం, మాకేమైంది?" అంటాడు. అబ్బా ఈ మాట గడప దాటకూడదంటాడు. అమ్మీ రాత్రంతా ఫోన్‌లో వెతికి తెల్లారేసరికి ఇంకా పరేషాన్ అవుతుంది. నాకు తెలిసిన ఇళ్లలో ఈ మధ్య ఇదే నడుస్తోంది కాబట్టి రాస్తున్నాను.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. జాంచ్ సరిగ్గా జరిగి, ఇంట్లో, బడిలో చేయాల్సినవి చేశాక కూడా పిల్లాడు చదువులో, దోస్తీలో వెనకబడుతుంటే దవాని ఒకసారి ఆజ్మాయించి చూడాలి. 'దిమాగ్ గోలీ' అనే షరం దానికి అడ్డు రాకూడదు.

ముందు జాంచ్ సంగతి. దీన్ని పట్టిచ్చే రక్త పరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. డాక్టర్లు ధ్యాస నిలవకపోవడానికి 9 లక్షణాలు, కుదురు లేకపోవడానికి 9 లక్షణాలు చూస్తారు. పిల్లల్లో ఏదో ఒక వరసలో కనీసం 6 ఉండాలి. అవి 6 నెలలకు పైగా ఉండాలి, 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనపడాలి. అంటే టీచర్‌ని అడగకుండా, పది నిమిషాల్లో చీటీ రాసిస్తే అది జాంచ్ కాదు. వినికిడి, చూపు, నిద్ర, థైరాయిడ్ చూడాలి. కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే తరహా మూర్ఛ, అక్షరాలు పట్టుబడని డిస్లెక్సియా కూడా పైకి ఇలాగే కనిపిస్తాయి. క్లాసులో అందరికంటే చిన్న వయసు పిల్లలకు ఈ ముద్ర ఎక్కువ పడుతోందని చాలా దేశాల్లో తేలింది.

మన ఇళ్లలో ఇంకో మాట కూడా ఆలోచించాలి. పిల్లాడు ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, బడిలో ఇంగ్లీషు, రెండో భాషగా తెలుగు, సాయంత్రం అరబీ. పొద్దున ఎనిమిదికి వెళ్లినవాడు బడి, ట్యూషన్, మదర్సా అయ్యాక ఇషాకి ఇల్లు చేరతాడు. టీచర్ మాట వినట్లేదంటే, అర్థం కాకనా, అలసిపోయా, ధ్యాస నిలవకనా? ఈ మూడూ విడదీసి చూడమని డాక్టర్‌ని అడగండి.

ఇక దవా. ఎక్కువగా రాసేది మిథైల్‌ఫెనిడేట్. ఇది 1950ల నుంచి బజారులో ఉంది. మెదడులో డోపమైన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు అందుబాటులో ఉండేలా చేస్తుంది. మామూలు గోలీ ప్రభావం దాదాపు 4 గంటలు. ఎక్కువ సేపు పనిచేసేవీ ఉన్నాయి. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం, కడుపునొప్పి, తలనొప్పి రావచ్చు. గుండె వేగం, బీపీ కాస్త పెరగవచ్చు. ఎత్తు పెరగడం కొద్దిగా నెమ్మదించవచ్చు. అందుకే ఎత్తు, బరువు, బీపీ కొలుస్తూ ఉండాలి. ఖాందాన్‌లో ఎవరైనా చిన్న వయసులోనే గుండె ఆగి పోయి ఉంటే ఆ మాట డాక్టర్‌కి దాచకూడదు. ఇది పడనివాళ్లకు అటోమోక్సెటిన్ ఉంది, దాని అసర్ తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది.

"నషా దవా అట కదా" అని భయపడతారు. మిథైల్‌ఫెనిడేట్‌ని దుర్వినియోగం చేసేవాళ్లు ఉన్నారు కాబట్టే ప్రభుత్వం దాన్ని షెడ్యూల్ ఎక్స్‌లో పెట్టింది. చీటీ రెండు ప్రతులు ఉండాలి, దుకాణందారు ఒకటి తన దగ్గర ఉంచుకోవాలి. ఈ కట్టుదిట్టం చూసి బెదరనక్కర్లేదు. డాక్టర్ నిగరానీలో, చెప్పిన మోతాదులో వాడే పిల్లలు దీనివల్ల నషాఖోర్లు అవుతారని పరిశోధనలు చెప్పడం లేదు. వాడి గోలీ ఇంకొకరి పిల్లాడికి ఇవ్వడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

అమెరికాలో 579 మంది పిల్లల మీద 14 నెలలు నడిచిన పెద్ద పరిశోధన ఫలితాలు 1999లో వచ్చాయి. జాగ్రత్తగా మోతాదు సరిచూస్తూ దవా ఇచ్చిన పిల్లల లక్షణాలు, తర్బియత్ పద్ధతులు మాత్రమే నేర్పినవాళ్లకంటే బాగా తగ్గాయి. రెండూ కలిపి ఇచ్చినచోట తక్కువ మోతాదు సరిపోయింది. కానీ 3 ఏళ్ల తర్వాత చూస్తే ఆ గుంపుల మధ్య తేడా కనపడలేదు. ఈ లెక్కని నేను ఇలా చదువుతాను: గోలీ పిల్లాడికి కొంత వెసులుబాటు ఇస్తుంది. ఆ వెసులుబాటులో చదువుకునే తరీఖా, కోపం ఆపుకునే తరీఖా నేర్పకపోతే చేతికొచ్చిన మోఖా పోయినట్టే. 6 ఏళ్లలోపు పిల్లలకైతే ముందు అమ్మీఅబ్బాలకు శిక్షణ ఇవ్వాలనే అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది.

నేను ఉర్దూ మీడియంలో చదివాను. మా క్లాసులో కుదురుగా కూర్చోలేని పిల్లలకు ఒకటే ఇలాజ్: ముర్గా. చెవులు పట్టుకుని వంగి, వీపు మీద డస్టర్. వాళ్లలో కొందరు ఏడో క్లాసు దాటలేదు, మెకానిక్ షాపుల్లో తేలారు. దవా సైడ్ ఎఫెక్ట్స్ గురించి వంద సవాళ్లు అడిగే మనం బెత్తం గురించి ఒక్కటీ అడగలేదు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అయినా "హడ్డీ హమారీ, చమ్డీ ఆప్‌కీ" అని ఉస్తాద్‌కి అప్పగించే అబ్బాలు ఇంకా ఉన్నారు.

ఆడపిల్లల సంగతి వేరు. వాళ్లు బెంచీలెక్కి దూకరు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. ఎవరికీ తక్లీఫ్ ఇవ్వరు కాబట్టి ఎవరూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లరు. పదో క్లాసు తప్పితే "చదువు ఎక్కలేదు" అని రిష్తాలు చూస్తారు. దవా పేరు బయటపడితే షాదీ ఆగుతుందని భయపడేవాళ్లు, జాంచ్ చేయించకపోవడం వల్ల ఆగిన చదువుని కూడా లెక్కేయాలి.

దువా చేయండి, దమ్ చేయించండి, నేను వద్దనను. ఇలాజ్ చేయించుకోవడం తవక్కుల్‌కి ఖిలాఫ్ కాదని మన ఉలమా చెబుతూనే ఉన్నారు. బాలిగ్ అయిన పిల్లలు దవా వాడుతుంటే రంజాన్‌కి ముందే డాక్టర్‌తో వేళల గురించి, ఆలిమ్‌తో రోజా గురించి మష్వరా చేయండి. సహరీలో గోలీ వేసి, ఇఫ్తార్‌లో ఇంకోటి వేసి మీరే లెక్కలు కట్టకండి.

పైసల ఫికర్ ఉన్నవాళ్లకు ఒక మాట. సర్కారీ బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు చూడాల్సిన 30 సమస్యల్లో ఏడీహెచ్‌డీ ఒకటి. వాళ్లు పంపే జిల్లా కేంద్రాల్లో ఇలాజ్ ఉచితం. హైదరాబాద్‌లో 'ఎర్రగడ్డ' అనే మాటని మనం గాలీలా వాడి వాడి, అక్కడి ఓపీ మెట్లెక్కాలంటే మనమే సిగ్గుపడేలా చేసుకున్నాం.

దవా మొదలుపెడితే ఒక కాపీ పెట్టుకోండి. తిండి, నిద్ర, హోంవర్క్‌కి పట్టిన సేపు, టీచర్ మాట రోజూ రెండు లైన్లు రాయండి. నెలకి ఆ కాపీతో డాక్టర్ దగ్గర కూర్చోండి. ఫాయిదా లేకపోతే మోతాదు మార్చమనో, ఆపుదామనో అడగండి. మీ అంతట మీరు ఆపకండి. అన్నిటికంటే ముందు పిల్లాణ్ని అడగండి: "బేటా, గోలీ వేసుకుంటే నీకెలా ఉంటోంది?" పదేళ్లవాడు బాగానే చెప్పగలడు. ఈ ఫైసలాలో వాడిది, మీది, డాక్టర్‌ది, ముగ్గురి మాట ఉంటే చాలు. చాచాకి చాయ్ పోసి పంపండి.