కారణం రాసివ్వండి

మంచిర్యాల కోడలు ఒకామె, డాలస్‌లో పెద్దకొడుకు దగ్గరుంటున్న అత్తమామలను చూసొస్తానని వీసాకు పెట్టుకుందనుకుందాం. ఆమె నోరు విప్పకముందే అమెరికా చట్టం ఆమెను అనుమానిస్తుంది. 1952 నాటి వలస చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉంది. చూసిపోవడానికి వస్తామన్నవాళ్లు అక్కడే ఉండిపోతారని ఆ సెక్షన్ ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే భారమంతా ఆమె నెత్తినే.

ఏం చూపించి రుజువు చేయాలి? జీతం చీటీ లేదు. పట్టా పాసుబుక్కు మామ పేరు మీదుంది. సింగరేణి కొలువు భర్తది. బడికి పోయే పిల్లలు, మంచంపట్టిన తల్లి, ప్రతి వానాకాలం కూలీలను పిలిచి తానే దగ్గరుండి నాటు వేయించే మడి, వీటిని వదిలి ఆమె ఎక్కడికి పోతుంది? ఆమెను తిరిగి ఇంటికి లాగేవన్నీ ఇవే. వీటిలో ఒక్కదానికీ కాగితం ఉండదు. ఇల్లు నడిపే ఆడమనిషి చాకిరీని మన లెక్కల్లోనే రాసుకోలేదు మనం. వీసా కిటికీ దగ్గర ఆ తప్పుకు శిక్ష కూడా ఆమెకే పడుతోంది.

వేలిముద్రలకు ఒకరోజు, ఇంటర్వ్యూకు మరోరోజు, ఇందుకోసం మంచిర్యాల నుంచి హైదరాబాద్‌కు రైలెక్కాలి. 185 డాలర్ల ఫీజు ముందే కట్టాలి, వీసా ఇవ్వమన్నా ఆ డబ్బు తిరిగి రాదు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో రెండు మూడు ప్రశ్నలు, ఆపైన చేతికొక అచ్చు కాగితం. అందరికీ అదే కాగితం. ఆమె చెప్పిన ఏ మాట నమ్మలేదో అందులో ఉండదు. అప్పీలు లేదు. మళ్లీ ఫీజు కట్టి మళ్లీ నిలబడొచ్చు, అంతే. చిలుకూరు బాలాజీని జనం వీసా దేవుడన్నారంటే ఊరికే అన్నారా? భక్తితో నాకు పేచీ లేదు. మనిషి చెప్పాల్సిన జవాబు కోసం జనాన్ని దేవుడి చుట్టూ తిప్పుతున్న పద్ధతి మీదే నా కోపం.

అమెరికా పౌరులకూ దిక్కు లేదు. భర్తకు వీసా ఎందుకు ఇవ్వలేదని సాండ్రా మునోజ్ అనే అమెరికా పౌరురాలు కోర్టుకెక్కితే, విదేశీయుడైన భర్తను దేశంలోకి రప్పించుకోవడం రాజ్యాంగం కాపాడే ప్రాథమిక హక్కు కాదని 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. కట్టుకున్నవాడి విషయంలోనే ఇట్లా ఉంటే, కోడలినీ ఆడబిడ్డనూ ఎవరు పట్టించుకుంటారు?

కారణం చెప్తే దేశభద్రత కూలిపోతుందనే వాదన నేను ఒప్పుకోను. యూరప్‌లోని షెంగెన్ దేశాలు వీసా నిరాకరిస్తే కారణాన్ని ఫారంలో గుర్తుపెట్టి ఇవ్వాలి, అప్పీలుకు దారీ చూపాలి. వాళ్ల సరిహద్దులేమీ కూలలేదు.

మన ఎంపీలు, మన విదేశాంగ శాఖ అమెరికాను అడగాల్సింది ఇదే. కాదన్న ప్రతి మనిషికీ కారణం రాసివ్వాలి, తెలుగులో ఇవ్వాలి. ఆ కారణానికి జవాబిచ్చుకునే అవకాశం, రెండోసారి ఫీజు లేకుండా, ఆమెకుండాలి.