మార్కుల కొఱకు సంస్కృతమా?

పదవ తరగతి వరకు తెలుగు చదివిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం విద్యార్థులలో పలువురు ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషునకు తోడుగా సంస్కృతమును ఎన్నుకొనుచున్నారు. కారణము భాషాభిమానము గాదు, మార్కులు. జవాబులలో పెక్కింటిని తెలుగునగాని, ఇంగ్లీషునగాని వ్రాయు వెసులుబాటు చిరకాలముగా కలదు. దేవనాగరిలిపి పట్టుబడకయే నూటికి చేరువగా మార్కులు లభించుచున్నవి. దీనిని సంస్కృతాభివృద్ధిగా భావించుట ఆత్మవంచన. పైగా ఆ మార్కులు రాష్ట్ర ఇంజనీరింగు ప్రవేశపరీక్ష ర్యాంకునకు అక్కఱకు రావు.

ఆయుర్వేదము చదువగోరువానికి సంస్కృతము నిజముగా అవసరము. ఆ పట్టా తొలి సంవత్సరమున అది పాఠ్యాంశము. 1997లో కుప్పమున వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయమున తెలుగులో పరిశోధన చేయగోరువానికి తెలుగే పునాది. కావున అధ్యాపకుడు ముందు విద్యార్థి గమ్యమును తెలిసికొని, పిదప భాషను సూచింపవలెను. సంస్కృత పరీక్షలో సగమైనను దేవనాగరిలో, సంస్కృతముననే వ్రాయించవలెను. విద్యార్థుల సంఖ్య తగ్గిన తగ్గుగాక! మిగిలినవారికి సంస్కృతము వచ్చును.