ఒకే హొక్కైడో, రెండు మాంగాలు

పోస్టు కొంచెం పొడుగైంది, అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

మన గ్రూపులో డీపీలు చూస్తే సగం నరుటో, సగం లూఫీ. తప్పేం లేదు, నాకూ ఇష్టమే. కానీ దీనివల్ల మాంగా అంటే మగపిల్లలు అరుచుకుంటూ కొట్టుకునే కథలే అన్న లెక్క స్థిరపడిపోయింది. ఇష్టపడేవాళ్లదీ అదే లెక్క, "ఇంకా బొమ్మల కథలేంట్రా, పోటీ పరీక్షలకు చదువుకో" అనే సీనియర్ అన్నలదీ అదే లెక్క. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

జపాన్‌లో మాంగాని ముందు విడదీసేది కథను బట్టి కాదు, చదివే మనిషిని బట్టి. షోనెన్ అంటే మగపిల్లలకి, షోజో ఆడపిల్లలకి, సెయినెన్ పెద్ద మగవాళ్లకి, జోసెయ్ పెద్ద ఆడవాళ్లకి. ఎవరి పత్రిక వాళ్లకి ఉంటది. చవక కాగితం, నలుపు తెలుపు బొమ్మలు, వారానికో నెలకో ఒక లావు పుస్తకం. 1968లో మొదలైన షోనెన్ జంప్ 1990ల మధ్యలో వారానికి 60 లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయింది. పాఠకులు పోస్టు కార్డు మీద నచ్చిన కథల పేర్లు రాసి పంపిస్తరు, ఓట్లు రాని కథని మొహమాటం లేకుండా ఆపేస్తరు. కొంచెం క్రూరమే. కానీ అన్ని పేజీలు నింపాలంటే ఒకే రకం కథతో కుదరదు కదా. వంట, బేస్‌బాల్, దెయ్యాలు, ఆఫీసు గొడవలు, చరిత్ర, అన్నీ లోపలికి వచ్చినయ్. హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు ఆరేళ్ల పిల్లాడిగా ఉండి బతికి బయటపడ్డ కెయిజీ నకజవా తన అనుభవం మీద గీసిన "బేర్‌ఫుట్ జెన్" 1973లో మొదలైంది ఎక్కడో పెద్దవాళ్ల పత్రికలో కాదు, ఈ షోనెన్ జంప్‌లోనే. కాలిపోయిన ఒళ్లు, కూలిన ఇంటి కింద చిక్కుకున్న నాన్న, ఇవన్నీ పిల్లల పత్రికలో వచ్చినయ్. పిల్లల బొమ్మలు అనేవాళ్లు అది చదివి మళ్లీ మాట్లాడాలి.

గీసే పద్ధతి కూడా ఒకటి కాదు. 1970లలో మోటో హాగియో, కెయికో తకెమియా లాంటి ఆడవాళ్లు షోజోలోకి వచ్చి గళ్లని పగలగొట్టారు. మనసులో మాట బుడగలో ఉండదు, పేజీ మీద తేలుతుంటది. షిగెరు మిజుకి పద్ధతి ఇంకోటి. యుద్ధంలో ఎడమ చెయ్యి పోయిన మనిషి ఆయన. వెనక అడవిని, ఇళ్లని ఫోటో లాగా ఆకు ఆకు గీస్తాడు, ముందు మనుషులని మాత్రం పిల్లల బొమ్మల్లాగా గీస్తాడు. చిన్నప్పుడు ఒక ముసలావిడ తనకు చెప్పిన ఊరి దయ్యాల కథలే ఆయన పెట్టుబడి. ఆ ముసలమ్మ మీదే "నొన్నొన్బా" అని ఒక పుస్తకం గీస్తే 2007లో ఫ్రాన్స్‌లో పెద్ద బహుమతి ఇచ్చారు. మన అవ్వలు చెప్పే కథలని సిగ్గుపడుతూ దాచుకునేవాళ్లకి ఈ పుస్తకం చూపించాలని ఉంది.

ఇక అసలు సంగతి. హొక్కైడో అని జపాన్‌కి ఉత్తరాన పెద్ద దీవి. అక్కడి మూలవాసులు ఐనులు. ఆ దీవి మీద వచ్చిన రెండు మాంగాలని పక్కపక్కన పెట్టి చదవమని మీకు చెప్దామనుకున్నా.

మొదటిది "సిల్వర్ స్పూన్". హిరోము అరకవా గీసింది, ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ గీసిన ఆవిడే. ఆవిడ హొక్కైడోలో పాడి పశువుల ఇంట్లో పెరిగింది. పట్నం పిల్లాడు హాచికెన్ మార్కుల పోటీ తట్టుకోలేక వ్యవసాయ స్కూల్లో చేరతాడు. హాస్టల్ బతుకు. తెల్లారకముందే లేచి పేడ ఎత్తాలి. ఒక బక్క పందిపిల్లకి "పోర్క్ బౌల్" అని పేరు పెట్టి పెంచుతాడు, చివరికి దాన్ని కోతకి పంపి ఆ మాంసం తనే కొనుక్కుంటాడు. ఫైట్ ఒక్కటి లేదు. కొమబా అనే కుర్రాడి ఇంట్లో అప్పులు పెరిగి పశువులని అమ్మేసి, వాడు చదువు మానేసే చోట నాకు గొంతు పట్టేసింది. ఇది కూడా షోనెన్ కథే.

రెండోది సతోరు నోదా గీసిన "గోల్డెన్ కముయ్". 2014 నుంచి 2022 దాకా యంగ్ జంప్‌లో వచ్చింది, 31 పుస్తకాలు. రష్యాతో యుద్ధం అయ్యాక సుగిమోతో అనే సైనికుడు, అసిర్పా అనే ఐను అమ్మాయి కలిసి దాచిన బంగారం కోసం వెతుకుతుంటరు. ఆ బంగారం ఐనులది. ఇది ఏ జాతి కథ అంటే చెప్పడం కష్టం. రక్తం ఉంది, యుద్ధం ఉంది, బూతు జోకులు ఉన్నయ్, మధ్యలో ఆగి ఉచ్చు ఎట్లా పెట్టాలి, మాంసం ఎట్లా తరగాలి అని నాలుగు పేజీలు. అడవిలో తెలివంతా అసిర్పాదే, ఆయన నేర్చుకునేవాడు. జంతువు పచ్చి మెదడు ఇస్తే ఆయన మొహం మాడుతది. ఆయన జపాన్ మిసో తీస్తే, అది మలం అనుకుని ఆ పిల్ల దూరం జరుగుతది. తర్వాత ఇద్దరికీ అవి అలవాటవుతయ్. ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి డబ్బా మూత తీయగానే పక్కోడు ముక్కు మూసుకున్న అనుభవం మనలో ఎంతమందికి లేదు? ఇక్కడ ముక్కు మూసుకునే హక్కు ఇద్దరికీ సమానంగా ఇచ్చాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది అదే.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. జపాన్ ప్రభుత్వం 1869లో ఆ దీవికి హొక్కైడో అని పేరు పెట్టి బయటి నుంచి జనాన్ని తెచ్చి భూములిచ్చింది. ఐనుల జింకల వేట, సాల్మన్ చేపల వేట మీద ఆంక్షలు వచ్చినయ్. 1899లో ఒక "సంరక్షణ" చట్టం తెచ్చి, వేటాడే మనుషులని సేద్యంలోకి నెట్టి, పిల్లలకి జపనీస్ చదువు పెట్టారు. ఆ చట్టం 1997 దాకా ఉంది. ఐనులు మూలవాసులు అని చట్టంలో రాసింది 2019లో. పోడు కథ తెలిసిన మనకి ఇంకా విడమరిచి చెప్పక్కర్లేదు.

సిల్వర్ స్పూన్‌లో ఆ పిల్లలు పేడ ఎత్తే నేల అదే నేల. స్కూలు పేరులో "ఎజో" అని ఉంటది. ఐనుల భూమికి జపాన్ వాళ్లు పెట్టిన పాత పేరు అది. పేరు మిగిలింది, ముఖ్య పాత్రల్లో మాత్రం ఐనులం అని చెప్పుకునేవాళ్లు కనిపించరు. అరకవా అబద్ధం చెప్పిందని నేను అనట్లేదు. అప్పుల పాలైన రైతు బాధ నిజమే. కానీ ఆ నిజం ఇంకో నిజం మీద నిలబడి ఉంది. ఎన్ని రకాల కథలు ఉన్నా, అసిర్పా లేని హొక్కైడో మామూలుగా కనిపించిందంటే మనం అక్కడ ఆగి చూడాలి.

గోల్డెన్ కముయ్‌ని కూడా నెత్తిన పెట్టుకోను. నోదా హొక్కైడోవాడే కానీ ఐను కాదు. భాష కోసం హిరోషి నకగవా అనే ఐను భాషా పండితుడి సాయం తీసుకున్నాడు, బట్టల మీద కుట్టు కూడా శ్రద్ధగా గీశాడు, ఆ మర్యాద ఇవ్వాలి. అయినా బంగారం వేట సందడిలో బడిలో భాష పోగొట్టుకున్న పిల్లల కథ వెనక్కి పోయిందని నాకు అనిపించింది. వాళ్ల పిల్లలే గీస్తే ఏది ముందుకి వచ్చేదో.

మనవాళ్లు గీయలేదా అంటే గీశారు. 2011లో వచ్చిన "భీమాయన" చూడండి. అంబేద్కర్ జీవితం మీద ప్రధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ వేసిన బొమ్మల పుస్తకం. మనుషులని గళ్లలో బంధించం అన్నారు వాళ్లు. గళ్లకి బదులు ఇంటి గోడల మీద వేసే దిగ్నా గీతలు వేశారు. మంచి మాటలకి పక్షి ఆకారం బుడగ, కుట్టే మాటలకి తేలు కొండి. మాంగా దగ్గర నేర్చుకోకుండానే గళ్లు పగిలినయ్.

మన గ్రూపులో బొమ్మలు వేసేవాళ్లు కనీసం నలుగురు ఉన్నరని నాకు తెలుసు. నల్ల పెన్ను, తెల్ల కాగితం ఉంటే మాంగాకి చాలు. మొన్న ఒక తమ్ముడు అడిగిండు, మన భాషలో రాస్తే లిపి ఏది, తెలుగులో మన శబ్దాలు పలకవు కదా అని. అసిర్పా పేరులోనే జవాబు ఉంది. ఐనులో "ర్" పొల్లుగా పలకాలి, జపనీస్ అక్షరాల్లో ఆ పొల్లు లేదు. అందుకని "రి" అక్షరాన్ని చిన్న సైజులో రాస్తరు. ఐను శబ్దాల కోసమే అట్లాంటి చిన్న అక్షరాలు కొన్ని ఉన్నయ్, ఆ పుస్తకంలో ఆ పేరు అట్లాగే అచ్చయింది. నేనైతే బుడగలో మన మాట తెలుగు లిపిలోనే పెడతా, పలకని చోట గుర్తు చిన్నగా వేస్తా, అర్థం గడి కింద రాస్తా. వేరే పద్ధతి తోచినవాళ్లు కామెంట్లో పెట్టండి. గోండి లిపి వచ్చినవాళ్లు ఉంటే ముందు వాళ్లు చెప్పండి.