తెలియనిది రోగికి కాదు, తెరకు!



ఆసుపత్రి యాప్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోలేక తడబడే పెద్దవారిని చూసి "వీరికి డిజిటల్ పరిజ్ఞానం లేదు" అనడం ఈనాడు ఆనవాయితీ అయింది. వైద్యునిగా నేను దీనిని తప్పుడు రోగనిర్ధారణ అంటాను. వ్యాధి ఆ పెద్దవారిలో లేదు. వారి చేతిలోని తెరలో ఉన్నది. తెరకు చేయవలసిన పరీక్ష చేయకుండా మనం రోగికి జబ్బు అంటగడుతున్నాము. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఇక్కడ ఆ తెరను తయారు చేసినవారికే వర్తిస్తుంది.

"ఆరోగ్యం గురించి వ్రాసే డాక్టరుగారికి సాఫ్ట్‌వేర్ గొడవ ఎందుకు?" అని మీరు అడగవచ్చును. ఓపీ చీటీ, రక్తపరీక్ష ఫలితం, బీమా అనుమతి, టీకా నమోదు వంటివన్నీ నేడు ఫోను తెర మీదుగానే సాగుతున్నాయి. తెర ఆసుపత్రికి ప్రధాన ద్వారమైనది. ద్వారం తెరుచుకోకపోతే లోపల ఎంత గొప్ప వైద్యుడున్నా రోగికి ప్రయోజనం లేదు. కనుక ఇది ముమ్మాటికీ ఆరోగ్య విషయమే.

పరీక్ష ఉన్నది, చేసేవారే అరుదు

తెరకు చేయవలసిన పరీక్షలలో ఒకదాని పేరు కాగ్నిటివ్ వాక్‌త్రూ. వాడేవారి మనసుతో, అడుగడుగునా ఆగి ప్రశ్నించుకుంటూ నడిచి చూడడం అని దీని భావం. క్లేటన్ లూయిస్, పీటర్ పోల్సన్, కాథ్లీన్ వార్టన్, జాన్ రీమన్ అనే నలుగురు అమెరికా పరిశోధకులు 1990లో దీనిని ప్రతిపాదించారు. ఏటీఎం వలె, శిక్షణ ఏదీ లేకుండా నేరుగా వెళ్లి వాడవలసిన యంత్రాలను దృష్టిలో ఉంచుకొని రూపొందించిన పద్ధతి ఇది. ఆసుపత్రి యాప్ సరిగ్గా అటువంటిదే. దానిని వాడడానికి ముందు ఏ రోగీ శిక్షణకు వెళ్లడు.

పద్ధతి చాలా సరళమైనది. మొదట వాడేది ఎవరో నిర్ణయించుకోవాలి: వయసెంత, ఏమి చదవగలరు, ఏమి తెలుసు. తరువాత వారు సాధించవలసిన పని ఒకటి తీసుకోవాలి. ఆ పనికి అవసరమైన అడుగులన్నీ వరుసగా వ్రాసుకోవాలి. ఒక్కొక్క అడుగు దగ్గర నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి: ఇప్పుడు ఈ పని చేయాలన్న ఆలోచన ఆ మనిషికి కలుగుతుందా?
రెండు: అందుకు నొక్కవలసినది తెర మీద ఉన్నదని గమనించగలరా?
మూడు: తనకు కావలసిన పని దానిని నొక్కితే జరుగుతుందని అర్థమవుతుందా?
నాలుగు: నొక్కిన తరువాత, పని ముందుకు సాగిందని తెలుస్తుందా?

ఏ ప్రశ్నకు "లేదు" అన్న జవాబు వచ్చినా అక్కడ దోషమున్నట్లే. దీనికి ప్రయోగశాల అక్కరలేదు, ఖరీదైన యంత్రం అక్కరలేదు. ఒక గది, నలుగురు మనుషులు, కొన్ని గంటల సమయం చాలును. యాప్ ఇంకా తయారు కాకముందే, కాగితం మీద గీసిన బొమ్మలతో కూడా చేయవచ్చును.

ఒక తెరను నడిచి చూద్దాం

మీరూ నేనూ కలిసి ఒక ఊహాజనిత యాప్‌ను పరీక్షిద్దాం. ఇది ఏ ఒక్క సంస్థదీ కాదు. ఇటువంటి యాప్‌లలో తరచుగా కనిపించే తీరులన్నీ ఒకచోట చేర్చినది. వాడేది సంగారెడ్డి జిల్లాలోని ఒక పెద్దమ్మ. వయసు 68. మధుమేహం ఉన్నది, ఈమధ్య కాళ్లకు వాపు వస్తున్నది. తెలుగు చదవగలరు. ఫోనులో వీడియోలు చూస్తారు, వాట్సాప్‌లో మాట పంపగలరు. పని: రేపటికి డాక్టరుగారి టోకెన్ తీసుకోవడం.

మొదటి అడుగు. యాప్ తెరవగానే "మీ 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్యను అనుసంధానించండి" అంటుంది. మొదటి ప్రశ్న వేయండి. డాక్టరుకు చూపించుకోవాలని వచ్చిన మనిషికి సంఖ్యను అనుసంధానించాలన్న ఆలోచన ఎందుకు కలుగుతుంది? కలగదు. "తరువాత చేస్తాను" అన్న మాట అడుగున లేత బూడిద రంగులో చిన్న అక్షరాలతో ఉంటుంది. శుక్లాలు ముదురుతున్న కంటికి తెలుపు మీది లేత బూడిద రంగు కనబడదు. రెండవ ప్రశ్నకూ జవాబు "లేదు".

రెండవ అడుగు. విభాగం ఎంచుకోమంటుంది: జనరల్ మెడిసిన్, కార్డియాలజీ, నెఫ్రాలజీ, ఎండోక్రైనాలజీ. కాళ్ల వాపు గుండె జబ్బు వలన రావచ్చును, మూత్రపిండాల జబ్బు వలన రావచ్చును, కాలేయం వలన రావచ్చును, కొన్ని రక్తపోటు మాత్రల వలన కూడా రావచ్చును. ఏ విభాగమో తేల్చడం వైద్యుని పని. ఆ పనిని యాప్ రోగి నెత్తిన పెడుతున్నది. మూడవ ప్రశ్న ఇక్కడ ఘోరంగా విఫలమవుతుంది. "కాళ్ల వాపు", "ఆయాసం", "జ్వరం" అని బాధలను తెలుగులో చూపించి, వాటి వెనుక విభాగాన్ని యాప్ తానే చూసుకోవచ్చును కదా?

మూడవ అడుగు. పుట్టిన తేదీ. తెర మీద ఈ నెల క్యాలెండరు వస్తుంది, పక్కన ఒక బాణం గుర్తు. బాణాన్ని ఒకసారి నొక్కితే ఒక నెల వెనక్కి పోతుంది. 68 ఏళ్లు వెనక్కి వెళ్లాలంటే 816 సార్లు నొక్కాలి! పైన ఉన్న సంవత్సరపు అంకెను నొక్కితే ఏళ్ల జాబితా వస్తుందని తయారు చేసినవారికి తెలుసు. అది నొక్కదగినదని పెద్దమ్మకు ఆ తెర మీద ఏదీ చెప్పదు. "వయసు ఎంత?" అని అడిగి రెండు అంకెలు వ్రాయనిస్తే సరిపోయేదానికి ఈ తతంగం. మధుమేహం వలన వ్రేళ్లు మొద్దుబారినవారికి, చేతులు వణికేవారికి ఇది మరింత కష్టం.

నాలుగవ అడుగు. ఓటీపీ. నమోదైన నంబరు గచ్చిబౌలిలో షిఫ్టులో ఉన్న కొడుకుది అయితే కథ అక్కడితో ముగిసింది. తన నంబరే అయినా, సందేశం చూడడానికి యాప్ నుండి బయటికి వెళ్లి రాగానే తెర మొదటికి వచ్చి కూర్చుంటుంది. ఇంతవరకు నింపినదంతా పోయింది.

ఐదవ అడుగు. అన్నీ దాటితే ఆకుపచ్చ గుర్తు, దాని క్రింద ఒక ఇంగ్లీషు ముక్క వస్తాయి. టోకెన్ వచ్చిందా, లేదా? రేపు ఎన్ని గంటలకు, ఏ గదికి వెళ్లాలి? నాలుగవ ప్రశ్నకు జవాబు లేదు. అనుమానంతో పెద్దమ్మ మళ్లీ నొక్కుతారు. రెండు టోకెన్లు పుడతాయి. మరునాడు కౌంటరులో "రెండుసార్లు ఎందుకు తీసుకున్నావమ్మా?" అని చీవాట్లు.

ఐదు అడుగులలో అన్నిచోట్లా తెర తప్పింది, పెద్దమ్మ ఒక్కచోట కూడా తప్పలేదు. ఆమెను "పరిజ్ఞానం లేనిది" అనడం న్యాయమేనా?

నాలుగవ ప్రశ్నను విస్మరిస్తే

ఇది అసౌకర్యంతో ఆగదు. థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం 1985 నుండి 1987 వరకు అమెరికా, కెనడాలలో ఆరుగురు రోగులకు ఇవ్వవలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కిరణాలను ప్రసరింపజేసింది. కొందరు మరణించారు. మూలకారణం సాఫ్ట్‌వేర్ లోపాలు, రక్షణ ఏర్పాట్ల లేమి. కానీ టెక్సస్‌లో ఆ క్షణాన తెర ఆపరేటరుకు చెప్పినదేమిటి? "మాల్‌ఫంక్షన్ 54" అని మాత్రమే. దాని అర్థమేమిటో వాడకపు పుస్తకంలోనూ సరిగా లేదు. ఒక్క మీట నొక్కితే చికిత్సను కొనసాగించే వీలు ఉన్నది, ఆపరేటరు కొనసాగించారు. యంత్రం తాను చేసినదేమిటో మనిషికి తెలిసేలా చెప్పలేకపోవడం ప్రాణాంతకమని ఆనాడే ఋజువైంది.

మన దేశానికి వద్దాం. 2021 మే 1 నుండి 18–44 ఏళ్లవారికి కోవిడ్ టీకా ఇవ్వడానికి కోవిన్‌లో నమోదును తప్పనిసరి చేశారు. భాష రానివారు, ఫోను లేనివారు ఆ మహా విపత్తులో బయటే నిలిచారు. మే 24న ప్రభుత్వ కేంద్రాలలో నేరుగా వెళ్లి నమోదు చేసుకునేందుకు అనుమతి వచ్చింది. మే 31న సుప్రీంకోర్టు ధర్మాసనం డిజిటల్ అంతరాన్ని, చూపు లేనివారికి ఆ వేదిక ఎంత దుర్గమమో ప్రశ్నించింది. తెలుగుతో సహా ప్రాంతీయ భాషలు జూన్‌లో వచ్చాయి. వాడబోయేది ఎవరన్న ప్రశ్నను ముందుగానే వేసుకొని ఉంటే, ఈ సవరణలకు న్యాయస్థానం దాకా వెళ్లవలసిన పని ఉండేదా?

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు మరొక అడుగు ముందుకు వేసింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు ఎదుర్కొంటున్న ఈ-కేవైసీ ఇక్కట్లపై తీర్పునిస్తూ, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగపు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. ఇక ఇది దయాధర్మం కాదు, హక్కు.

సైబరాబాద్ బిడ్డలారా, ఈ సాకులు చెల్లవు

1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. నాటి నుండి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం దాకా ఆ నగరం విస్తరించింది. దేశదేశాల సంస్థలకు సాఫ్ట్‌వేర్ అక్కడ తయారవుతున్నది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఉస్మానియా వైద్య కళాశాల స్టేషన్ వస్తుంది. ఆ ప్రక్క ఆసుపత్రులలో వరుసలు కట్టి నిలబడేవారి మనసుతో తమ తెరను ఒక్కసారి చూడడానికి ఆ ప్రయాణం కూడా అవసరం లేదు. నాలుగు ప్రశ్నలు చాలును. అయినా కొన్ని సాకులు వినబడుతుంటాయి.

"ఇంట్లో మనవడు చేసిపెడతాడు" అంటారు. గర్భాశయ రక్తస్రావంతో బాధపడే స్త్రీ తన బాధను మనవడి చేత తెర మీద టైపు చేయిస్తుందా? చేయించదు. దాచుకుంటుంది, వ్యాధి ముదురుతుంది. రోగి గోప్యత వైద్యునికి ఎంత ధర్మమో తెరకూ అంతే ధర్మం.

"అలవాటైతే వచ్చేస్తుంది" అంటారు. జబ్బు రోజూ వాడే అలవాటు కాదు. ఆరు నెలలకొకసారి తెరిచేవారికి ప్రతిసారీ మొదటిసారే. పైగా నొప్పి, భయం, జ్వరం ఉన్న మనిషికి ఏకాగ్రత తగ్గుతుంది.

"మాకు సమయం లేదు" అంటారు. 2000లోనే మైక్రోసాఫ్ట్‌కు చెందిన రిక్ స్పెన్సర్ ఈ సాకుకు జవాబు చెప్పారు. నాలుగు ప్రశ్నలను రెండుగా కుదించారు: ఇక్కడ ఏమి చేయాలో తెలుస్తుందా? చేశాక, సరిగా చేశానని తెలుస్తుందా? పరీక్ష జరిగేటప్పుడు ఎవరూ తమ డిజైన్‌ను సమర్థించుకోరాదని, అక్కడికక్కడే కొత్త డిజైన్లు గీయరాదని నియమం పెట్టారు. మన శవపరీక్షా సమీక్షలకూ పనికివచ్చే నియమమిది.

"మేము నిజమైన వాడుకదారులతోనే పరీక్షిస్తాము" అనేవారు కొందరున్నారు. వారిని అభినందిస్తాను. వాక్‌త్రూ దానికి ప్రత్యామ్నాయం కాదు. మొదటిసారి వాడేవారి తడబాటును పట్టుకుంటుంది కానీ అన్ని దోషాలనూ పట్టదు. స్టెతస్కోపు పెట్టినంత మాత్రాన ఎక్స్‌రే అక్కరలేదని అనము కదా. అట్లని స్టెతస్కోపే పెట్టకుండా రోగిని పంపుతామా?

ఇది అసాధ్యమని కూడా అనరాదు. 2005 ఆగస్టు 15న ఈ హైదరాబాదులోనే 108 సేవ మొదలైంది. దానికి చేయూతనిచ్చింది ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ అధినేత కుటుంబమే. మూడు అంకెలు, అవతల తెలుగులో మాట్లాడే మనిషి. ఆపదలో ఫోను చేయాలన్న ఆలోచన కలుగుతుంది, అంకెలు గుర్తుంటాయి, అంబులెన్సు వస్తుందని తెలుసు, "బయలుదేరింది" అన్న మాట వినబడుతుంది. నాలుగు ప్రశ్నలకూ "ఔను" అన్నదే జవాబు. వెనుక ఎంతో సాంకేతికత ఉన్నది, కానీ దాని బరువు రోగి మీద పడలేదు.

చేయవలసినవి

ప్రభుత్వం ఏ ఆరోగ్య యాప్‌కు టెండరు పిలిచినా, తెలుగు మాత్రమే చదవగలిగే అరవై దాటిన రోగిని వాడుకదారుగా పెట్టి చేసిన వాక్‌త్రూ నివేదికను తప్పనిసరిగా కోరాలి. నివేదికలో "లేదు" అన్న జవాబులు సవరించేదాకా బిల్లు చెల్లించరాదు. ఆ పరీక్ష గదిలో ఓపీ కౌంటరులో పనిచేసే ఒక నర్సునో, ఆరోగ్యమిత్రనో కూర్చోబెట్టాలి. రోగి ఎక్కడ ఆగిపోతాడో వారికి తెలిసినంతగా ఇంజనీరుకు తెలియదు. ఎంత మంచి యాప్ వచ్చినా, మనిషి కూర్చునే కౌంటరు ఒకటి ఎప్పటికీ తెరిచే ఉండాలి.

ఇక మీరు. యాప్ ముందు ఆగిపోతే సిగ్గుపడకండి. ఏ తెర దగ్గర ఆగారో, ఏమి అర్థం కాలేదో కాగితం మీద వ్రాసి ఆసుపత్రి ఫిర్యాదుల పెట్టెలో వేయండి. యాప్ అభిప్రాయాల చోట తెలుగులోనే వ్రాయండి. మీ పిల్లలు ఆ కారిడార్‌లో పనిచేస్తుంటే, ఈ ఆదివారం మీ ఫోను వారికి ఇవ్వకుండా, వారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని మీరే టోకెన్ తీసుకోవడానికి ప్రయత్నించండి. వారిని నోరు మెదపకుండా చూడమనండి. మీరు ఆగిన ప్రతిచోటా పై నాలుగు ప్రశ్నలలో ఏది తప్పిందో వారినే వ్రాయమనండి.