తలుపు తట్టక ముందే



విదేశాలలో మన బిడ్డలు చేయదగిన పనులను గూర్చి ఈ శీర్షికలో ముచ్చటించుకుంటున్నాము. ఈ నెల ఇంగ్లండు, వేల్సులలో ఎనర్జీ అసెసర్ చేసే పనిని చూద్దాము.

మనకు ఎండ బాధ అయితే వారికి చలి బాధ. ఇంటిని వెచ్చగా ఉంచుకొనడమే అక్కడ పెద్ద ఖర్చు. అందుచేత ఇల్లు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా ఆ ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో తెలిపే ధ్రువపత్రం ఉండాలి. ఈ పద్ధతి 2007లో మొదలైంది. ‘ఎ’ నుండి ‘జి’ వరకు ఏడు తరగతులు. పత్రం 10 ఏళ్ళు చెల్లుతుంది. 2020 ఏప్రిల్ 1 నుండి, మినహాయింపు పొందినవి తప్ప, అయిదవ తరగతి ‘ఇ’ కంటె దిగువనున్న ప్రైవేటు ఇళ్ళను అద్దెకివ్వకూడదు.

ఒక్క అక్షరమే గదా అనుకోరాదు. లేనిదానిని ఉన్నదని వ్రాస్తే, దానిని నమ్మి చేరిన కుటుంబం చలికాలమంతా బిల్లులు కడుతూ వణుకుతుంది. ఉన్నదానిని చూడక లేదని వ్రాస్తే, ఖర్చుపెట్టి ఇల్లు బాగుచేసుకొన్నవారికి అన్యాయం జరుగుతుంది. గనుక ఈ పనిలో సగం తలుపు తట్టక ముందే జరగాలి.

మొట్టమొదట ఇంటివారికి ఫోను చేసి మాట్లాడాలి. అసెసర్ గోడకు రంధ్రం చేసి చూడడు, నేల పెకలించి చూడడు. గోడలో దాగియున్న ఇన్సులేషన్‌కు, అనగా వేడి బయటకు పోకుండా వేసే పొరకు, గుర్తుగాని కాగితంగాని లేకపోతే ఇల్లు కట్టిన కాలాన్నిబట్టి లెక్క కడతారు. అది తరచుగా తక్కువగానే వస్తుంది. కాబట్టి పని చేయించిన రసీదులు, హామీ పత్రాలు తీసి ఉంచమని, అటక మీదికి ఎక్కే దారిలో సామానులు తొలగించమని, బాయిలర్ గది తాళం దగ్గర పెట్టుకొనమని ముందే చెప్పాలి. తలుపు దగ్గర నిలబడి అడిగితే ఏ ఇల్లాలికైనా కంగారే గదా!

రెండవది, ఆ ఇంటి పాత పత్రాన్ని చూసుకొనాలి. పత్రాలన్నీ ప్రజలందరు చూడగలిగే రిజిస్టరులో ఉంటాయి. అయితే అది చదువుకొనడానికే గాని చూచి వ్రాయడానికి కాదు. ఇల్లు ఏ కాలంలో కట్టారో, తరువాత ఏ గది చేర్చారో కూడ తెలుసుకొనాలి. బయటి ఇటుకలు కూడ కొంత చెబుతాయి. ఇటుకల పొడవు వైపులే వరుసగా కనబడితే సాధారణంగా అది నడుమ ఖాళీ ఉన్న జంట గోడ. పొడవు వైపులు, పొట్టి వైపులు కలిసి కనబడితే ఖాళీలేని గట్టి గోడ.

మూడవది, సంచి సర్దుకొనాలి. గుర్తింపు కార్డు, కొలత టేపు, టార్చిలైటు, మడత నిచ్చెన, కెమేరా, బూట్లపై తొడుగులు ఉండాలి. అటక మీది పొర ఎంత మందమో కొలవాలి. 270 మిల్లీమీటర్లు ఉండడం మంచిదని అక్కడి సలహా. బాయిలర్ మోడలు వ్రాసుకొనాలి. 2025 జూన్‌లో వచ్చిన మార్పు ప్రకారం కిటికీలను కూడ కొలవాలి గనుక తగిన సమయం కేటాయించుకొనాలి. ఒకే రోజు ఎక్కువ ఇళ్ళు ఒప్పుకొన్నవారికి అటక ఎక్కకుండా పోవాలనే శోధన కలుగుతుంది.

అన్నిటికంటె ముఖ్యంగా మనస్సు సిద్ధపడాలి. మార్కులు ఇంటికేగాని ఇంటివారికి కాదు. వారు దీపాలు ఆర్పుతారా, ఎన్ని గంటలు హీటరు వేస్తారు అన్నది లెక్కలోనికి రాదు. గనుక చిందరవందరగా ఉన్న గదిని చూచి ముఖం చిట్లించరాదు. యజమాని బంధువైతే ఆ మాట పత్రంలో తెలియజేయాలి. “‘ఇ’ వచ్చేటట్లు చూడండి” అని బ్రతిమాలినా, చూచినదే వ్రాస్తానని మెల్లగా చెప్పగలగాలి.

అక్కడ చదువుకొంటున్న మీ పిల్లలు ఇల్లు అద్దెకు వెదకుతున్నారా? అడ్వాన్సు చెల్లించక ముందే ఈ పత్రం అడిగి చూడమనండి. వారిలో ఎవరైనా ఈ పనిలోనికి వెళ్ళదలిస్తే మంచిదే. ఆ పత్రాన్ని నమ్మి 10 ఏళ్ళలో ఎందరు ఆ ఇంట్లో కాపురముంటారో గుర్తుంచుకొని మరీ సంచి సర్దుకొనమని చెప్పండి.