ఆట బాబుది, గుండెదడ అమ్మది

ప్రశ్న: డాక్టరు గారూ! మా బాబుకి పదమూడేళ్ళు. బాడ్మింటన్ బాగా ఆడతాడు. రోజూ తెల్లవారుజామున బెజవాడ తీసుకువెళ్ళి కోచింగ్ ఇప్పిస్తున్నాం. అందుకోసం నా గాజులు తాకట్టు పెట్టాం. టోర్నమెంటు వస్తోందంటే నాలుగు రోజుల ముందు నుంచీ నాకు నిద్ర ఉండదు. గుండెదడ, అరచేతుల్లో చెమటలు. వాడు ఓడిన రోజున మావారు ఎవరితోనూ మాట్లాడరు. ఈమధ్య పోటీ ఉన్న రోజు ఉదయమే బాబు వాంతి చేసుకుంటున్నాడు. నాకు బి.పి. వచ్చిందేమోనని భయం. మంచి మందు వ్రాయగలరు.
- ఒక తల్లి, మంగళగిరి

జవాబు: అమ్మా! ముందుగా బి.పి. చూపించుకోండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు, వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 గాని అంతకు మించి గాని ఉంటే వైద్యం అవసరం. రక్తహీనత వల్ల, థైరాయిడ్ ఎక్కువైనా దడ రావచ్చు కనుక ఆ పరీక్షలూ చేయించండి. అయితే పోటీల ముందు వచ్చి, అవి కాగానే పోయే దడకు కారణం చాలావరకు ఆందోళనే. భయం వేయగానే అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. కోర్టులో ఉన్న బాబుకి పరుగెత్తి గెంతే పని ఉంది. బెంచీ మీద కూర్చున్న మీకు అదీ లేదు.

బాబు వాంతులూ ఈ కోవలోవే కావచ్చు. ఓడితే నాన్న మాట్లాడరని వాడికి తెలుసు. గాజుల సంగతీ తెలిసే ఉంటుంది. ఆ లేత భుజాల మీద తాకట్టు బాకీ కూడా పెడుతున్నామేమో ఆలోచించండి.

ఇక చేయవలసినవి:

1. ఆట కాగానే స్కోరు మాట ఎత్తకండి. "ఆకలేస్తోందా నాన్నా?" అని అడగండి. తప్పొప్పులు కోచ్ చూసుకుంటారు.

2. మీవారికి ఈ ఉత్తరం చూపించండి. ఓడిన రాత్రి ఆయన బాబు పక్కన కూర్చుని అన్నం తింటే అదే సగం మందు.

3. వారానికి ఒక రోజైనా ఆటకు పూర్తి సెలవివ్వండి. పిల్లవాడి వయసెంతో, వారానికి శిక్షణ గంటలు అంతకు మించకపోతే మంచిది. పోటీకి రెండు మూడు గంటల ముందు ఇడ్లీ, అరటిపండు వంటి తేలిక ఆహారం చాలు.

4. మీరు రోజూ అరగంట నడవండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానండి. దడ వచ్చినప్పుడు నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. ఐదు నిమిషాలు చేయండి. సొంతంగా నిద్రమాత్రలు మాత్రం వేసుకోవద్దు.

5. ఏడాదికి ఇంత ఖర్చని ముందే గీత గీసుకోండి. ఆ గీత దాటి అప్పు చేయకండి.

ఒక ఏడాది వెనకబడితే అంతా పోయినట్లేనని మీకు అనిపించవచ్చు. బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ పసితనంలో కృష్ణానదిని ఈదింది. తర్వాత విలువిద్యకు మారి, 2023 లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి బిడ్డ కోసం ఆటకు కొంతకాలం విరామమిచ్చింది. తిరిగి వచ్చి 2019 లోనూ, 2024 లోనూ ప్రపంచ రాపిడ్ చదరంగం టైటిల్ గెలిచింది. ఆట మారినా, కొన్నాళ్ళు ఆగినా కొంప మునగదు. అందరూ వారంతటి వారు కాలేరు, కానక్కరలేదు కూడా. ఆడుతూ పెరిగిన పిల్లవాడికి ఆరోగ్యం మిగులుతుంది.

మీకు నడుస్తుంటే ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, బాబు ఆటలో స్పృహ తప్పినా ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్ళండి. పోటీ లేని రోజుల్లోనూ వాంతులైనా, బరువు తగ్గినా పిల్లల డాక్టరుకు చూపించండి. ఆందోళన తగ్గకపోతే మానసిక వైద్యుని సలహా తీసుకోవడంలో తప్పు లేదు. ప్రభుత్వం 2022 లో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరుపై ఫోను చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

వచ్చే పోటీ తర్వాత మీకు నిద్ర ఎలా పట్టిందో ఉత్తరం వ్రాయండి.